బొగ్గుబాయి నేలలో చదువుకు చట్టం

గోదావరిఖని డిగ్రీ కాలేజీలో చదివినవారి పట్టా తీసి చూస్తే పైన పెద్ద అక్షరాల్లో ఉండేది విశ్వవిద్యాలయం పేరు. ఒకప్పుడది కాకతీయ, 2008లో శాతవాహన ఏర్పడ్డాక శాతవాహన. గది అదే, బల్ల అదే, పాఠం చెప్పే మాస్టార్లూ వాళ్లే. పట్టా ఇచ్చే హక్కు ఎవరికుందో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది: కేంద్ర చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో పుట్టిన విశ్వవిద్యాలయానికి, 3వ సెక్షన్ కింద కేంద్రం డీమ్డ్ హోదా ఇచ్చిన సంస్థకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థకు. అనుబంధ కాలేజీ ఈ మూడింటిలో లేదు. అది చదువు చెబుతుంది. సిలబస్, పరీక్ష, పట్టా మరొకరి చేతిలో ఉంటాయి. ఈ తేడా బొగ్గుబాయి నేలకు కొత్తది కాదు. మైనింగ్ ఇంజనీరింగ్ చదివినా గనుల భద్రతా శాఖ పరీక్ష నెగ్గి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప మేనేజర్ కుర్చీ దక్కదని ఇక్కడ అందరికీ తెలుసు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సింగరేణి ప్రాంతానికి కాలేజీలు వచ్చాయి గానీ, వాటి మీద ఈ ప్రాంతానికి ఏ హక్కుందో చట్టంలో ఎక్కడా రాయించుకోలేదు. 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చిన సింగరేణి బొగ్గు కంపెనీలో ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కంపెనీ కట్టిన సెంటినరీ కాలనీలో 2010 నుంచి జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తోంది. కానీ అది విశ్వవిద్యాలయానికి అంతర్భాగం. అక్కడ ఏ కోర్సు పెట్టాలో, ఏది ఎత్తెయ్యాలో నిర్ణయించేది కూకట్‌పల్లిలోని విశ్వవిద్యాలయమే. రామగుండం వైద్య కళాశాలకు డబ్బు పెట్టింది సింగరేణి, పేరులోనూ సింగరేణి ఉంది. పట్టా మాత్రం వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది, అనుమతి ఢిల్లీలోని జాతీయ వైద్య కమిషన్‌ది. 150 సీట్లలో కార్మికుల పిల్లలకు దక్కినవి ఏడు, అవీ ప్రభుత్వ ఉత్తర్వుతోనే. ఒక జీవో ఇచ్చినదాన్ని ఇంకో జీవో తీసుకోగలదు; దానికి శాసనసభలో చర్చ కూడా అక్కర్లేదు.

హోదాలో ఏముంది, మంచి అధ్యాపకులూ ప్రయోగశాలలూ ఉంటే చాలదా అని అడిగేవారున్నారు. సగం నిజమే. కానీ మన సాటి బొగ్గు పట్టణం ధన్‌బాద్‌ను చూడండి. అక్కడి గనుల పాఠశాల 1926లో మొదలైంది, 1967లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది, 2016లో పార్లమెంటు చట్టంతో ఐఐటీ అయింది. స్థలం మారలేదు. హోదా మారాక సొంతంగా పట్టా ఇచ్చే హక్కు వచ్చింది. మన కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ మాత్రం దశాబ్దాల తరబడి కాలేజీగానే ఉండిపోయి, 2025లో గానీ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం కాలేదు. అక్కడి అధ్యాపకులు తక్కువవారని ఎవరూ అనరు. తక్కువైంది అధికారం.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. చట్టం చేసినంత మాత్రాన విశ్వవిద్యాలయం పుడుతుందా? పుట్టదు. ఛత్తీస్‌గఢ్ 2002లో ఒక చట్టం చేసి, కేవలం గెజిట్ నోటిఫికేషన్లతో వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టించింది. చాలావాటికి చెప్పుకోదగ్గ భవనమే లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు వాటిని పుట్టించిన సెక్షన్లను కొట్టేసింది. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాష్ట్ర జాబితా 32వ అంశం కింద రాష్ట్రానిదే, ప్రమాణాలు నిర్ణయించడం కేంద్ర జాబితా 66వ అంశం కింద కేంద్రానిది. మొదటిది రెండోదాన్ని బోలు చేయరాదన్నది ఆ తీర్పు సారం. దీన్ని నా వాదనకు వ్యతిరేకంగా చూపుతారు. నాకు మాత్రం అనుకూలంగానే కనిపిస్తుంది. అక్కడ లోపం చట్టం ఉండటం కాదు, అందులో సంస్థ ఎవరికోసం, ఏ వనరులతో, ఎవరి జవాబుదారీతో నడవాలో లేకపోవడం.

రాతలో ఉన్న హామీ ఆలస్యమైనా అడగడానికి ఆధారముంటుంది. గిరిజన విశ్వవిద్యాలయం 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఉండబట్టే 2023లో ములుగుకు సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర చట్టం వచ్చింది. తొమ్మిదేళ్లు పట్టింది, అది సిగ్గుపడాల్సిన జాప్యమే. అయినా ఎంపీలు పార్లమెంటులో లేచి అడిగిన ప్రతిసారీ చూపడానికి ఒక షెడ్యూలు ఉంది. రామగుండం ఏడు సీట్లకు అలాంటి షెడ్యూలేదీ లేదు.

బొగ్గు తరిగేదే. ఓపెన్‌కాస్టు గని మూతపడ్డాక కంపెనీ చందా ఏమవుతుంది, కార్మికుడి మనవడి సీటు ఏమవుతుంది? కాబట్టి ఈ సభ రెండు కోరికలు ప్రభుత్వం ముందు పెట్టాలి: రామగుండం కాలేజీలోని ఆ సీట్లనూ, దానికి కంపెనీ ఏటా ఇవ్వాల్సిన నిధులనూ చట్టంలో చేర్చాలి; కొత్త భూవిజ్ఞాన విశ్వవిద్యాలయ పాలక మండలిలో గని కార్మికుల ప్రతినిధికి చోటివ్వాలి. ముసాయిదా రాయగల న్యాయవాదులు ఈ సభలోనే ఉన్నారు.