షోకేసులో 13 ఎండాకాలాలు గడిపిన బోర్డో సీసా

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు దాటినవాళ్లకే. తెలంగాణలో చట్టం కూడా అదే అంటుంది. తాగండి అని చెప్పడానికి ఈ వీడియో చేయట్లేదు. మా ఇంట్లో ఒక సీసాని 13 ఏళ్లు ప్రేమగా దాచి, ఆ దాచడంలోనే ఎలా పాడు చేసుకున్నామో చెప్పడానికి చేస్తున్నా.

మాది చేవెళ్ల దగ్గర పల్లె. అప్పా జంక్షన్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, మొయినాబాద్ దాటి, ఆ పెద్ద మర్రిచెట్ల నీడలోంచి వస్తే మా ఊరు. ఒకప్పుడు ఈ వైపంతా ద్రాక్ష తోటలే. మా నాయన కూడా అనాబ్-ఎ-షాహీ పందిరి వేశాడు. అది తినే ద్రాక్ష, వైన్‌ది కాదు. తర్వాత తోట తీసేశాడు కానీ ద్రాక్ష మీద ప్రేమ మాత్రం పోలేదు.

మా అన్నకి ఫ్రాన్స్‌లో, టులూజ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి నుంచి బోర్డో రెండు మూడు గంటల ప్రయాణం. 2012 డిసెంబర్‌లో ఇంటికి వస్తూ ఒక సీసా తెచ్చాడు. సెయింట్ ఎమిలియాన్ వైన్, 2005 పంట. బోర్డోకి 2005 చాలా గొప్ప ఏడాదని పేరు. "నాయనా, ఇది ఇంకా 10, 15 ఏళ్లు ఆగుతది" అన్నాడు. నాయన ఆ మాట పట్టుకున్నాడు. "అయితే చెల్లె పెండ్లికి తీద్దాం" అని హాల్లో టీవీ పక్కన షోకేసులో నిలబెట్టాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. వారానికోసారి దుమ్ము తుడిచేవాడు.

2025 జూన్‌లో చెల్లె పెళ్లి ఖాయమైంది. ఆ రాత్రి సీసా తీశాం. బిరడా కొంచెం పైకి లేచి ఉంది, మూత చుట్టూ జిగట. లోపల వైన్ మెడ కిందికి దిగిపోయింది. గ్లాసులో పోస్తే గోధుమ రంగు. వాసన చూస్తే అడుగంటిన జామ్. నోట్లో పులుపు తప్ప ఏం లేదు. నాయన ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "నేనే ఖరాబ్ చేసిన" అన్నాడు. ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు.

అసలు ఏమైందో చూద్దాం. ఎర్ర వైన్‌లో వగరు ఉంటుంది కదా, అది ద్రాక్ష తోలు, గింజల నుంచి వస్తుంది. దాన్నే టానిన్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఈ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. అదే మడ్డి. అందుకే పాత వైన్‌లో వగరు మెత్తబడుతుంది, రంగు ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. కానీ ఇదంతా నిదానంగా జరగాలి. 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి, కొంచెం తేమ, కదలిక లేని చోటు కావాలి. సీసా పడుకోబెట్టాలి, అప్పుడే బిరడా తడిగా ఉండి గాలి లోపలికి పోదు.

మరి మన షోకేసు? ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. రేకుల గది పక్కన హాలు, పైన ట్యూబ్‌లైటు, సీసా నిలబడి ఉంది. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఎలా మారిపోతుందో మనకు తెలుసు. ఎండ పని అది. వైన్‌ది వేరే మార్పే కానీ, వేడి తొందరపెట్టడం మాత్రం అంతే.

అన్న అప్పట్లో కొన్నది ఆరు సీసాల పెట్టె. ఈ సంగతి విని, పెళ్లికి వచ్చేటప్పుడు అదే పెట్టెలోంచి ఇంకోటి తెచ్చాడు. అది అన్ని రోజులూ వాళ్ల పాత ఇంటి రాతి నేలమాళిగలో పడుకుని ఉంది. పెళ్లికి పది రోజుల ముందే వచ్చి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాడు. ప్రయాణంలో కదిలిన మడ్డి దిగాలని చివరి రెండు రోజులు నిలబెట్టాడు. తీసే ముందు కాసేపు బయట ఉంచాడు, 16, 17 డిగ్రీలకి వచ్చేదాకా. పాత బిరడా పొడి అవుతుందని రెండు రేకుల ఓపెనర్ వాడాడు. ఫోన్ టార్చి సీసా మెడ వెనక పెట్టి మెల్లగా జగ్గులోకి వంచి, మడ్డి కనబడగానే ఆపాడు.

అంచున ఇటుక రంగు, మధ్యలో ఇంకా ఎరుపు. ఎండు రేగుపండు, పొగాకు, వానకి తడిసిన మట్టి వాసన. వగరు ఉంది, కానీ నాలుకను పట్టుకోలేదు. నాయన చాలాసేపు వాసనే చూశాడు. తర్వాత అన్నాడు: "ఇది గడ్డిల మాగిన మామిడి. మనది కార్బైడ్ పెట్టి ఉడకబెట్టినట్టయింది."

ఫ్రెండ్స్, నేను చెప్పేది కూడా అదే. సీసా మీద ఏడాది ఒక్కటే చూడకండి, అది ఎక్కడ పడుకుందో అడగండి. ఇంకో మాట, బోర్డోలో చాలా వైన్లు కొన్నేళ్లలోనే తాగేయాల్సినవి. దాచినంత మాత్రాన అన్నీ గొప్పవి కావు.

మన దగ్గర దాచాలంటే వైన్ కూలర్ ఉండాలి, కరెంటు పోతే చూసుకునే ఏర్పాటూ ఉండాలి. అది లేకపోతే కొన్ని నెలలకి మామూలు ఫ్రిజ్ కింది అరే షోకేసు కంటే నయం. కానీ ఏళ్లకేళ్లు వద్దు, ఆ పొడి గాలికి బిరడా ఎండిపోతుంది. రెండూ కుదరకపోతే దాచకండి. ఇష్టమైనవాళ్లు పక్కన ఉన్నప్పుడే తీసేయండి.

రెండో సీసా ఖాళీ అయ్యాక నాయన దాన్ని కడిగి మళ్లీ షోకేసులోనే పెట్టాడు. ఇప్పుడూ దుమ్ము తుడుస్తాడు. మీ ఇంట్లో కూడా "మంచి రోజుకి" అని దాచిన సీసా ఏదైనా ఉందా? ఒకసారి వెళ్లి బిరడా చూసి, కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.