కాలినడక మనది, కుర్చీ వాళ్లదా?

(ఆదోనిలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మనవాళ్లు ఎక్కడ కలిసినా ఒకే ప్రశ్న. పెద్ద పార్టీలో టికెట్ రాని నాయకుడో, మాజీ ఎమ్మెల్యేనో ఎన్నికల ముంగిట మన జెండా పట్టుకుంటానని వస్తే ఏం చేయాలి? ఆయన్నే అభ్యర్థిగా నిలబెట్టాలా? ‘రానీ, బలం పెరుగుతుంది’ అని కొందరంటున్నారు. ‘వచ్చిన దోవనే పోతాడు, పోతూ పోతూ మనల్ని కూడా అమ్ముకుంటాడు’ అని ఇంకొందరంటున్నారు. రెండింటిలోనూ నిజముంది. అందుకే ఆవేశం పక్కనబెట్టి అనుభవం చూద్దాం.

ముందు మన ఇంటి సంగతి. 2024 ఎన్నికల్లో ఇదే ఆదోని సీటు పొత్తులో బీజేపీకి పోయింది. ఏళ్ల తరబడి పసుపు జెండా మోసినవాళ్లు, 2009లో ఇక్కడ గెలిచిన మీనాక్షినాయుడు అనుచరులు చూస్తుండగానే, మార్చి నెలాఖరులో పార్థసారథి పేరు వచ్చింది. ఆయన గెలిచారు. ఇక్కడి నుంచి గంట ప్రయాణం ఎమ్మిగనూరు. అక్కడ వైఎస్సార్‌సీపీ సిట్టింగ్ ఎమ్మెల్యే చెన్నకేశవరెడ్డిని పక్కనబెట్టింది. ముందు మాచాని వెంకటేష్‌ను ఇన్‌చార్జిగా పెట్టి, కొద్ది వారాలకే ఆయన్నీ తప్పించి బుట్టా రేణుకను నిలబెట్టింది. ఆమె ఓడిపోయారు. 2014లో గెలిచి, 2019లో ఓడి, అదే పార్టీ నుంచి మళ్లీ నిలబడ్డ జయనాగేశ్వరరెడ్డి గెలిచారు.

ఒకే ఎన్నిక, పక్కపక్క ఊళ్లు. ఒకచోట ఆలస్యంగా వచ్చిన అభ్యర్థి గెలుపు, మరోచోట ఓటమి. ఆ ఏడాది 175 సీట్లలో 164 కూటమికే పోయాయి. ఆ గాలిలో ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అన్నది కొట్టుకుపోయింది. కాబట్టి గెలుపోటములు చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఇంకో మాట. గెలిచినవాళ్లు గానీ, ఓడినవాళ్లు గానీ ప్రత్యేక రాయలసీమ పేరు మీద ఓటడగలేదు. సుగ్గికి పోయే కోసిగి కూలీకి, పత్తి తెచ్చి ఆదోని మార్కెట్ యార్డులో రేటు కోసం ఎదురుచూసే రైతుకు, మగ్గం గుంటలో కూర్చున్న ఎమ్మిగనూరు నేతగాడికి టికెట్ల ఎంపికలో మాటే లేదు.

మరి దేన్ని చూసి తేల్చుకోవాలి? మన సీమ బిడ్డ కథే ఒకటుంది. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఖరారు చేశారు. ప్రధాని ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. అయినా ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టారు. పార్టీ పేరు ప్రకటించాక వి.వి.గిరి స్వతంత్రుడిగా దిగారు. ఇందిర ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటేయమన్నారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరి 14,650 ఓట్ల విలువతో బయటపడ్డారు. నవంబరు నాటికి కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

గిరి ఆలస్యంగా రావడం వల్లే పార్టీ చీలిందా? కాదు. గదిలో కూర్చున్న కొద్దిమంది, ఒప్పుకోనివాళ్లను ఒప్పించకుండానే పేరు తేల్చారు. పగులు అప్పటికే ఉంది. గిరి వచ్చి దాన్ని బయటపెట్టారు, అంతే.

అమెరికా సంగతి కూడా చూడండి. అక్కడ పార్టీ అభ్యర్థి కోసం మద్దతుదార్లే ఓటేసే పద్ధతి ఉంది, దాన్ని ప్రైమరీ అంటారు. 1968లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెకార్థీ ముందు నిలబడ్డాడు. విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగి ఆయనకు న్యూహాంప్‌షైర్‌లో గట్టి ఓటు తెచ్చారు. నాలుగు రోజులకే రాబర్ట్ కెనడీ దిగాడు. ‘కష్టం మాది, పంట నీదా’ అని ఆ విద్యార్థులు మండిపడ్డారు. కానీ కెనడీ జనం ముందుకు పోయి ఓటడిగాడు. జూన్‌లో హత్యకు గురయ్యాడు. ఇంకా ఆలస్యంగా వచ్చిన హంఫ్రీ ఒక్క ప్రైమరీలో పోటీ చేయకుండానే ఆగస్టులో అభ్యర్థి అయ్యాడు. పార్టీ రెండుగా నిలిచింది. నవంబరులో నిక్సన్ గెలిచాడు.

ఇద్దరూ ఆలస్యంగా వచ్చినవాళ్లే. ఒకడు వాకిట్లోంచి వచ్చాడు, ఇంకొకడు పెరటి దోవన వచ్చాడు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎప్పుడొచ్చాడని కాదు, ఏ దోవన వచ్చాడని అడగాలి.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాల్లో ఈ ప్రశ్న ఇంకా కఠినం. తెలంగాణలో 1969లో ముందు రోడ్డెక్కింది మీలాంటి విద్యార్థులు, ఉద్యోగులు. తర్వాత చెన్నారెడ్డి వచ్చి నాయకత్వం చేపట్టారు. బలం వచ్చిన మాట నిజం. 1971లో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 ప్రజాసమితి గెలిచింది. అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది మాత్రం 2014లో. మన సీమలో బైరెడ్డి రాజశేఖరరెడ్డి 2012లో తెలుగుదేశం వదిలి రాయలసీమ పరిరక్షణ సమితి పెట్టారు. ఊరూరా తిరిగి సీమ మాట వినిపించారు, కాదనలేం. ఆ వేదిక నిలవలేదు. 2024లో ఆయన కూతురు శబరి నంద్యాల ఎంపీగా గెలిచింది తెలుగుదేశం గుర్తు మీదే.

అందుకని తలుపు మూయమనడం లేదు. మూస్తే మిగిలేది మనం నలుగురమే. గడప దగ్గర నాలుగు షరతులు పెడదాం.

ఒకటి, పదవి అడిగే ముందు ఏడాది పాటు మామూలు సభ్యుడిగా పనిచేయాలి. రెండు, అభ్యర్థిని మండలాల వారీగా సభ్యులే రహస్య ఓటుతో ఎన్నుకోవాలి. రాష్ట్రపతి ఎన్నికలో లాగా రెండో ప్రాధాన్యం కూడా రాయాలి. అప్పుడు ముగ్గురు నిలబడ్డా మనలో మనం చీలిపోం. మూడు, ఓటుకు ఆర్నెల్ల ముందే సభ్యుల జాబితా మూసేయాలి. లేకపోతే చివరి రోజు లారీల్లో సభ్యత్వాలు దిగుతాయి. నాలుగు, విలీనమైనా, పొత్తయినా సభ్యుల ఓటు లేకుండా చెల్లదు.

‘డబ్బున్న అభ్యర్థి లేకుండా ఎన్నికలెట్లా?’ అని అడుగుతారు. నిజమే, కష్టమే. డబ్బున్నాయన రావచ్చు. వచ్చి, కోసిగి కూలీ ముందు నిలబడి ఓటడగాలి. అందుకు ఒప్పుకోనివాడు రేపు ఢిల్లీలో మనకోసం నిలబడతాడా? ఉద్యోగ మిత్రులు సర్వీసు రూల్సు వల్ల సభ్యులు కాలేరు. మీ ఇంట్లో చదువుకున్న పిల్లలు కావచ్చు.

1937 నవంబరు 16న పెద్దమనుషులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. దాన్ని అమలు చేయించే అధికారం మాత్రం జనం చేతికి రాలేదు. 1953లో కర్నూలుకొచ్చిన రాజధాని మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది. మాట తప్పినప్పుడు అడిగే హక్కు లేని ఒప్పందానికి ఏ గతి పట్టిందో చూశాం. మన సొంత ఇంట్లో అయినా ఆ హక్కు ముందే రాసుకుందాం. ఈ నాలుగు షరతుల మీద మీ మీ కాలేజీల్లో, ఊళ్లల్లో చర్చ పెట్టండి, తప్పులుంటే దిద్దండి.

జై రాయలసీమ!