పార్సెల్ వెనకాల పొగ ఎంత? లాజిస్టిక్స్ కంపెనీ రిపోర్ట్ చదువుదాం రండి

ఈరోజు ఎపిసోడ్ ఒక పీడీఎఫ్ గురించి. అవును, పీడీఎఫ్ గురించే. స్కిప్ కొట్టకండి, ఎందుకో చెప్తాను.

మీరు ఫోన్‌లో ఆర్డర్ పెడతారు. రెండు రోజుల్లో పార్సెల్ గుమ్మం ముందుంటుంది. రేటు తెలుసు, ఎక్కడిదాకా వచ్చిందో తెలుసు. కానీ అది రావడానికి ఎంత డీజిల్ కాలింది, దారిలో ఎవరికైనా దెబ్బ తగిలిందా, మోసినవాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అనేవి బిల్లులో రావు. లాభనష్టాల లెక్కల్లో కనపడని ఇలాంటి విషయాలు చెప్పేదే నాన్-ఫైనాన్షియల్ రిపోర్టింగ్. ఇప్పుడు ఎక్కువగా సస్టైనబిలిటీ రిపోర్ట్ అంటున్నారు.

ఉదాహరణకి డీహెచ్ఎల్ తీసుకుందాం. జర్మనీ కంపెనీ, 220కి పైగా దేశాలు, ప్రాంతాల్లో పని చేస్తుంది. మన బ్లూ డార్ట్‌లో ఎక్కువ వాటా వీళ్లదే. అంటే మీ ఊరికి వచ్చే కొరియర్ వ్యాన్‌కీ ఈ కథకీ నేరుగా లింక్ ఉంది.

2008లో వీళ్లు ఒక టార్గెట్ పెట్టుకున్నారు. 2020 కల్లా కార్బన్ ఎఫిషియెన్సీ 30 శాతం మెరుగుపరుస్తామని. 2016లోనే కొట్టేశారు. సూపర్ కదా? ఆగండి. ఇక్కడే చిన్న లెక్క వేద్దాం.

ఒక కంపెనీ 100 పార్సెళ్లు మోసింది, పార్సెల్‌కి కిలో చొప్పున కార్బన్ అనుకోండి. మొత్తం 100 కిలోలు. కొన్నేళ్లకి పార్సెల్‌కి 700 గ్రాములకి తగ్గించింది. 30 శాతం మెరుగు, నిజమే. కానీ ఈలోపు పార్సెళ్లు 200 అయ్యాయి. మొత్తం ఎంత? 140 కిలోలు! పార్సెల్ లెక్కన తగ్గింది, గాల్లోకి వెళ్లింది మాత్రం పెరిగింది. రెండూ అబద్ధం కాదు. ఏ నంబర్ పెద్ద అక్షరాల్లో వేశారన్నదే తేడా.

అందుకే 2021లో డీహెచ్ఎల్ చెప్పిన మాట ముఖ్యం. ఈసారి మొత్తం మీద టార్గెట్ పెట్టారు. 2020లో సుమారు 3.3 కోట్ల టన్నులు ఉన్నది, 2030 కల్లా 2.9 కోట్ల టన్నుల లోపుకి తేవాలి. బిజినెస్ పెరిగినా సరే. దీనికోసం పదేళ్లలో 700 కోట్ల యూరోల దాకా ఖర్చు పెడతామన్నారు. డైరెక్టర్ల బోనస్‌లో కొంత భాగాన్ని కూడా ఇలాంటి లక్ష్యాలకి ముడిపెట్టారు. జీతానికి లింక్ పడితే ఏ టీమ్ అయినా డ్యాష్‌బోర్డ్ సీరియస్‌గా చూస్తుంది, ఆఫీసులో పని చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

సరే, ఆ పొగ ఎక్కడిది? మనకి కనపడేది డెలివరీ వ్యాన్. అందుకే ప్రతి కంపెనీ యాడ్‌లో పచ్చ రంగు ఎలక్ట్రిక్ ఆటో ఉంటుంది. కానీ డీహెచ్ఎల్ లెక్కలో ఎక్కువ భాగం విమానాలది. వ్యాన్లన్నీ కరెంటువి చేసినా విమానం విమానమే. దానికోసం వాడిన నూనెలు, వ్యర్థాల నుంచి చేసే ప్రత్యేక ఇంధనం కొంటున్నారు. 2030 కల్లా తమ వాడకంలో 30 శాతం అదే ఉండాలని లక్ష్యం. కానీ అది మామూలు విమాన ఇంధనం కంటే బాగా ఖరీదు, దొరికేది కూడా తక్కువే.

ఇప్పుడు అసలు పాయింట్. కార్బన్ లెక్కలో మూడు స్కోప్‌లు ఉంటాయి. సొంత బండిలో కాలే డీజిల్ స్కోప్ 1. గోడౌన్‌కి కొన్న కరెంటు స్కోప్ 2. మీ కోసం వేరేవాళ్లు తగలబెట్టేది స్కోప్ 3. హైదరాబాద్ నుంచి విజయవాడకి సరుకు తీసుకెళ్లే లారీ కంపెనీదైతే స్కోప్ 1లోకి వస్తుంది. అదే లారీని ఒక ఓనర్ దగ్గర కాంట్రాక్ట్‌కి తీసుకుంటే స్కోప్ 3. లారీ అదే, డ్రైవర్ అతనే, పొగ కూడా అంతే. కానీ స్కోప్ 1 మాత్రం తగ్గిపోయింది! డీహెచ్ఎల్ చెప్పే ఆ కోట్ల టన్నుల్లో కాంట్రాక్టర్ల రవాణా కూడా కలిసే ఉంటుంది. కాబట్టే ఆ నంబర్‌కి విలువ.

మరి మన దేశంలో? సెబీ 2021లో బీఆర్ఎస్ఆర్ అనే ఫార్మాట్ తెచ్చింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి తప్పనిసరి. తొమ్మిది సూత్రాలు, అందరికీ ఒకే ప్రశ్నలు. 2023లో ముఖ్యమైన లెక్కలని బయటివాళ్లతో చెక్ చేయించాలని పెద్ద కంపెనీలతో మొదలుపెట్టారు. మంచి పని. కానీ ఆ ఫార్మాట్‌లో స్కోప్ 1, 2 తప్పనిసరి ప్రశ్నలు, స్కోప్ 3 ఐచ్ఛికం. సాఫ్ట్‌వేర్ కంపెనీకి సరే. సరుకంతా కాంట్రాక్ట్ లారీల మీద నడిపే కంపెనీకి అదే అసలు లెక్క. ఆ గడి ఖాళీగా ఉంటే ఇల్లంతా వెతికి వంటగది వదిలేసినట్టే.

మనుషుల విషయంలో కూడా ఇదే కథ. ఉద్యోగులు, కార్మికులు, వాళ్లలో పర్మనెంట్ ఎంతమంది, కానివాళ్లు ఎంతమంది, పది లక్షల పని గంటలకి ఎన్ని ప్రమాదాలు అన్నీ రాయాలి. కానీ మీ గుమ్మం దాకా వచ్చే కుర్రాడిని కంపెనీ 'పార్ట్‌నర్' అంటే? వాన రోజు బైక్ మీంచి పడితే ఆ దెబ్బ ఏ గడిలోకి వస్తుంది? రిపోర్ట్‌లో సున్నా ప్రమాదాలు అని కనపడితే సంతోషించే ముందు, ఎవరిని లెక్కపెట్టారో చూడండి.

ఇవన్నీ ఉత్త కాగితాలు అనేవాళ్లూ ఉన్నారు. యూరప్‌లో కూడా 2014 చట్టం తర్వాత 2022లో ఇంకా గట్టి చట్టం తెచ్చి, కంపెనీలకి భారం అంటూ 2025లో చాలామందికి గడువు రెండేళ్లు జరిపారు. భారం నిజమే. కానీ రాసిపెట్టిన నంబర్‌ని వచ్చే ఏడాది నిలదీయొచ్చు. యాడ్‌లోని ఆకు బొమ్మని నిలదీయలేం కదా.

కాబట్టి మీకు ఒక చిన్న పని. మీరు ఎక్కువగా వాడే డెలివరీ కంపెనీ లిస్ట్ అయి ఉంటే, వార్షిక నివేదిక ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఫోన్‌లో తెరిచి నాలుగే వెతకండి: మొత్తం కార్బన్ పెరిగిందా తగ్గిందా, స్కోప్ 3 నింపారా, బయటివాళ్లు చెక్ చేశారా, పర్మనెంట్ కానివాళ్లని లెక్కలోకి తీసుకున్నారా. పది నిమిషాలు చాలు. ఏం దొరికిందో కింద రాయండి, మీరు పంపినవాటిలోంచే రెండు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉంటాను మరి.