ప్రత్తిమూట – సుంకపు తగవు

1861వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో అంతర్యుద్ధము రేగగా ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు ప్రత్తి కఱవైనది. అప్పుడు మన గుంటూరు సీమ ప్రత్తికి గిరాకి పెరిగి, అది కాకినాడ రేవున ఓడల కెక్కినది. ఇంతదూరమున నున్న రైతునకు సైతము తగిలిన ఆ యుద్ధము ఒక్కనాట పుట్టినది కాదు. ముప్పదియేండ్లకు పూర్వమే, గాలివానకు ముందు వినవచ్చు ఉరుమువలె, ఒక తగవు ఆ దేశమును కదలించినది. దానిని గూర్చి ఈ ప్రసంగమున మనవి చేసెదను.

1793లో ఎలీ విట్నీ యనునతడు దూదినుండి గింజను వేఱుచేయు యంత్రమును నిర్మించెను. గింజ లొలుచు పని తేలికపడినది గాని బానిస బ్రతుకు తేలికపడలేదు. ప్రత్తి లాభసాటి పంట కాగానే జార్జియా, అలబామా, మిసిసిపి భూములలో పనికి మఱింతమంది బానిసలు కావలసివచ్చిరి. విదేశములనుండి బానిసలను తెచ్చుట 1808లో నిషిద్ధమైనను, దేశములోపలి క్రయవిక్రయములు ఆగలేదు. వర్జీనియావంటి పాత రాష్ట్రములలో తల్లినుండి బిడ్డను విడదీసి క్రొత్త ప్రత్తిభూములకు అమ్మెడివారు. 1790లో సుమారు 7 లక్షలుగా నున్న బానిసల సంఖ్య 1830 నాటికి 20 లక్షలైనది.

ఉత్తరమున దృశ్యము వేఱు. మాసచూసెట్స్ రాష్ట్రములో, మెర్రిమాక్ నది జలపాతముల చెంత, 1820 తరువాత లోవెల్ అను మిల్లు పట్టణము వెలసినది. నీటి వేగముచే చక్రములు తిరుగగా, చక్రములచే మగ్గములు ఆడెడివి. పల్లెలనుండి రైతుల ఆడుబిడ్డలు వచ్చి, కంపెనీ వసతిగృహములలో నుండి, దినమునకు పండ్రెండు గంటలకు పైగా పనిచేసెడివారు. 1834లో కూలి తగ్గింపగా వారు పని మానివేసి వీధులలో ఊరేగిరి. ఆ మిల్లులకు ప్రత్తి దక్షిణమునుండియే వచ్చెడిది. వారు నేసిన ముతకబట్టలో కొంత మరల దక్షిణమునకే పోయి బానిసల ఒంటిని కప్పెడిది. ఇట్లు ఒక్క ప్రత్తిమూటయే ఉత్తర దక్షిణములను కలిపి కట్టినది. ఆ మూటను గూర్చియే తగవును పుట్టినది.

ఆ తగవునకు పేరు సుంకము. ఇంగ్లండునుండి చౌకబట్ట వెల్లువగా దిగినచో స్వదేశపు పసిమిల్లులు మూతపడునని, 1816లో అమెరికా కాంగ్రెసు దిగుమతులపై రక్షణసుంకము విధించినది. 1824లో దానిని పెంచినది. 1828లో ఇంకను పెంచినది. ఉత్తరపు మిల్లుదారునకు ఇది ఎండలో గొడుగు. దక్షిణపు తోటదారునకో, ఇది నెత్తిపై బరువు. అతడు తన ప్రత్తిని ఇంగ్లండునకు అమ్మవలెను. బట్టను, ఇనుపసామానును మాత్రము హెచ్చు వెలకు కొనవలెను. తమ సరకు అమెరికాలో అమ్ముడుపోనిచో ఇంగ్లండువారు ప్రత్తినెట్లు కొందురని కూడ అతని భయము. 1828 నాటి చట్టమునకు దక్షిణమువారు ‘రోత సుంకము’ అని పేరు పెట్టిరి.

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. దక్షిణ కరోలినా నాయకుడు జాన్ కాల్హూన్ 1816లో సుంకమును సమర్థించినవాడు. మాసచూసెట్స్ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ 1824లో దానిని ఎదిరించినవాడు. 1828 నాటికి ఇరువురును స్థానములు మార్చుకొనిరి. ఒకరి రాష్ట్రమున మిల్లులు పెరిగినవి. వేఱొకరి రాష్ట్రమున ప్రత్తి ధర పడిపోయినది.

ఉపాధ్యక్ష పదవిలో నుండియే కాల్హూన్ 1828లో, తన పేరు వెల్లడింపక, ఒక సిద్ధాంతమును వ్రాసెను. రాజ్యాంగము రాష్ట్రముల మధ్య ఒడంబడిక గావున, అన్యాయమని తోచిన కేంద్రశాసనము తన హద్దులలో చెల్లదనుటకు ప్రతి రాష్ట్రమునకును హక్కు కలదని దాని సారాంశము. 1830 జనవరిలో సెనేటు సభలో రాబర్ట్ హేన్ ఈ వాదమును సమర్థింపగా, సమాఖ్యను నిర్మించినది రాష్ట్రములు కావు, ప్రజలని వెబ్‌స్టర్ ప్రత్యుత్తర మిచ్చెను.

మాటలు చేతలైనవి. 1832 నవంబరు 24న దక్షిణ కరోలినా ప్రత్యేక సభ సుంకపు చట్టములు తమ రాష్ట్రమున చెల్లవనియు, 1833 ఫిబ్రవరి 1 నుండి సుంకము వసూలు కారాదనియు శాసించెను. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ దక్షిణమువాడే. టెన్నెసీలో ప్రత్తితోటయు, బానిసలును గలవాడే. అయినను అతడు వెనుదీయలేదు. ఆయుధబలముతో సమాఖ్యను విడదీయుట రాజద్రోహమని డిసెంబరు 10న ప్రకటించి, చార్లెస్టన్ రేవుకోటలను బలపఱచెను. కాల్హూన్ ఉపాధ్యక్ష పదవిని వదలి సెనేటులో ప్రవేశించెను. తక్కిన దక్షిణ రాష్ట్రము లేవియు కరోలినాతో చేయి కలుపలేదు.

హెన్రీ క్లే మధ్యవర్తియై రాజీ కుదిర్చెను. 1833 మార్చి 2న రెండు చట్టములు ఒక్కమారే వెలువడినవి. ఒకటి సుంకమును 1842 నాటికి నూటికి ఇరువది వఱకు క్రమముగా తగ్గించునది. రెండవది సుంకము వసూలునకు సైన్యమును వినియోగించు అధికారమును అధ్యక్షున కిచ్చునది. కరోలినా తన శాసనమును ఉపసంహరించుకొనెను. నెత్తురు చిందలేదు. దేశము ఊపిరి పీల్చుకొన్నది.

కాని తగవు నిజముగా సుంకమును గూర్చినదేనా? 1830లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో కాల్హూన్, సుంకము నెపమే గాని అసలు కారణము కాదనియు, దక్షిణపు బానిసవ్యవస్థయే మూలమనియు సూచించెను. 1833 మేలో జాక్సన్ కూడ ఒక లేఖలో, సుంకము సాకు మాత్రమే, ఇక ముందు వచ్చు సాకు బానిసల సమస్య యని వ్రాసెను. బద్ధవిరోధులగు ఇరువురును ఈ ఒక్క సంగతిని ఎఱుగుదురు. ఎఱిగియు సభలో పాళ్లను, శాతములను గూర్చియే వాదము సాగినది. దక్షిణ కరోలినా జనులలో సగమునకు మించి బానిసలే. ఆ రాజీలో వారి మాట ఎవరును అడుగలేదు.

1860 నాటికి బానిసల సంఖ్య 40 లక్షలకు చేరువైనది. ఆ డిసెంబరులో దక్షిణ కరోలినాయే మొదట సమాఖ్యను వీడినది. 1861 ఏప్రిలులో తొలి ఫిరంగి ప్రేలినది ఆ చార్లెస్టన్ రేవుననే. 1865లో బానిసత్వము రద్దగునప్పటికి లక్షల ప్రాణములు నేలపాలైనవి. 1833లో సుంకపు లెక్క సరిపడినది; మనుష్యుల లెక్క మాత్రము బాకీ పడినది. ఆ బాకీని తరువాతి తరము వడ్డీతో తీర్చవలసివచ్చెను.