ఇండీ గేమ్‌కి ఆర్ట్‌బుక్ చేద్దామా? ముందు మా కథ వినండి

"అన్నా, గేమ్ దాదాపు అయిపోయింది, దాంతోపాటు డిజిటల్ ఆర్ట్‌బుక్ కూడా అమ్ముదామనుకుంటున్నాం, ఎలా చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు అదే మాట్లాడుకుందాం. ఇందులో నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది, అది కూడా చెప్తా.

ఆర్ట్‌బుక్ అంటే తెలుసుగా? గేమ్‌లో కనిపించే బొమ్మలు ఎలా పుట్టాయో చూపించే పుస్తకం. కప్‌హెడ్ గేమ్ 2017లో వచ్చింది. అందులో క్యారెక్టర్ల కదలికలన్నీ పేపర్ మీద పెన్సిల్‌తో, ఇంకుతో గీసినవే. 2020లో దాని ఆర్ట్‌బుక్ వచ్చింది. ఆడేటప్పుడు ఒక బాస్ కళ్ల ముందు రెండు నిమిషాలు ఉంటే గొప్ప. పుస్తకంలో అదే బాస్‌ని ఎంతసేపైనా చూడొచ్చు. జనం డబ్బులు పెట్టి కొనేది అందుకే.

ఇక మా సంగతి. మేం ముగ్గురం. కోడ్ నాది, సౌండ్ ఒకడిది, బొమ్మలన్నీ మా బీటెక్ క్లాస్‌మేట్‌వి. తనది అనంతపురం వైపు. మా గేమ్ తోలుబొమ్మలాట స్టైల్‌లో ఉంటుంది. దానికోసం తను ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లి, అక్కడ ఒక పెద్దాయన ఇంట్లో రెండ్రోజులు కూర్చుని చూసింది. మేకతోలుని వెలుగు దాటేంత పల్చగా గీకుతారు, రంగులేస్తారు, నగల దగ్గర ఉలితో చిన్న చిన్న చిల్లులు కొడతారు. తల, చేతులు, కాళ్లు విడివిడిగా చేసి దారంతో కడతారు. మేం గేమ్‌లో చేసిందీ అదే: ఒక్కో భాగం ఒక్కో ఇమేజ్, కీలు దగ్గర తిప్పితే బొమ్మ నడుస్తుంది.

గేమ్ రిలీజయ్యాక నాకు ఆర్ట్‌బుక్ పిచ్చి పట్టింది. తను కొత్త జాబ్‌లో బిజీ. షేర్డ్ డ్రైవ్‌లో తన ఫైల్స్ అన్నీ ఉన్నాయి కదా అని మూడు రాత్రులు కూర్చుని 90 పేజీల పీడీఎఫ్ చేసేశా. స్టోర్‌లో పెట్టేసి, సర్‌ప్రైజ్ అనుకుని లింక్ పంపించా. పొద్దున్నే ఫోన్.

"రేయ్, నేను గేమ్‌కి గీసిచ్చా. పుస్తకానికి ఇచ్చానా?"

నా దగ్గర జవాబు లేదు. తన ప్రాక్టీస్ గీతలు, ఎవరికీ చూపించకూడదనుకున్న రఫ్‌లు కూడా అందులో ఉన్నాయి. మేం తనకిచ్చింది గేమ్ బొమ్మల డబ్బులు. పుస్తకం గురించి మాటే అనుకోలేదు. ఆ రోజే అమ్మకం ఆపేశా.

తర్వాతి ఆదివారం ముగ్గురం కూర్చుని ఒక్క పేజీ అగ్రిమెంట్ రాసుకున్నాం. ఏ బొమ్మలు వాడాలి, వచ్చిన డబ్బులో ఎవరికెంత, కవర్ మీద ఎవరి పేరు. కవర్ మీద తన పేరే వేశాం. నిమ్మలకుంట పెద్దాయనకి కూడా తనే ఫోన్ చేసి, ఆయన బొమ్మల ఫొటోలు వేసుకోవచ్చా అని అడిగింది. ఆయన ఒక్కటే అడిగారట: "మా ఊరి పేరు వేస్తారా అమ్మా?" అని.

నేను చేసిన 90 పేజీల్లో ఆ ఊరి పేరు ఎక్కడా లేదు ఫ్రెండ్స్.

కాబట్టి మొదటి స్టెప్ సాఫ్ట్‌వేర్ కాదు, పర్మిషన్. మీ ఆర్టిస్ట్ ఫ్రెండే అయినా సరే, రాసుకోండి.

రెండోది, ఏం పెట్టాలి. రెండోసారి 90 పేజీలు 60 అయ్యాయి, పుస్తకం బాగుపడింది. ఫైనల్ బొమ్మ ఒక్కటే పెడితే అది స్క్రీన్‌షాట్‌తో సమానం. మొదటి గీత, వద్దనుకున్న రెండు డిజైన్లు, ఎందుకు వద్దనుకున్నారో రెండు లైన్లు, తర్వాత ఫైనల్. మాకు బాగా పేరొచ్చిన పేజీ ఏంటంటే, హీరో చేతులు కాళ్లు అన్నీ విడదీసి పరిచిన పేజీ.

మూడోది, పేజీ సైజు. స్క్రీన్ కోసం కాబట్టి కలర్ ఆర్‌జీబీలోనే ఉంచండి, ప్రింటింగ్ వాళ్ల సీఎంవైకే అక్కర్లేదు. మేం 1920×1080 తీసుకున్నాం. కంప్రెస్ చేయకపోతే ఒక్కో పేజీ 6 ఎంబీ పైనే, 60 పేజీలకి 370 ఎంబీ దాటుతుంది. జేపెగ్ క్వాలిటీ కొంచెం తగ్గించి చూడండి, చాలా దిగుతుంది. మీది పిక్సెల్ ఆర్ట్ అయితే మాత్రం పీఎన్‌జీ వాడండి. 32×32 బొమ్మని 8 రెట్లు పెంచితే 256, అంచులు నీట్‌గా ఉంటాయి. ఏడున్నర రెట్లు పెంచితే పిక్సెల్స్ ఒకటి లావు ఒకటి సన్నం అవుతాయి.

తర్వాత దాన్ని ఫోన్‌లో తెరవండి. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఆ అడ్డం పేజీ సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. ల్యాప్‌టాప్‌లో బాగున్న అక్షరాలు అందులో చీమల్లా ఉంటాయి. అక్షరం పెద్దది చేయండి, మాటలు తగ్గించండి.

తెలుగు టెక్స్ట్ పెడుతుంటే ఇంకో జాగ్రత్త. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ సెట్ చేయకపోతే ఒత్తులు విడిపోతాయి. "శ్రీ" కూడా విరిగిపోయి కనబడుతుంది. ఫాంట్ లైసెన్స్ చూసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న లాంటివి ఫ్రీగా వాడుకోవచ్చు.

చివరిది, అమ్మడం. స్టీమ్‌లో ఆర్ట్‌బుక్‌ని డీఎల్‌సీగా పెడతారు. కొన్నవాళ్లకి అది గేమ్ ఫోల్డర్‌లోకి దిగుతుంది, సగం మందికి ఎక్కడుందో తెలీదు. గేమ్ మీద రైట్ క్లిక్, మేనేజ్, బ్రౌజ్ లోకల్ ఫైల్స్ అని స్టోర్ పేజీలోనే రాసేయండి. ఫోన్‌లో నేరుగా డౌన్‌లోడ్ కావాలంటే ఇచ్ డాట్ ఐఓలో కూడా పెట్టుకోండి.

మా పుస్తకం చివరి పేజీలో ఇప్పుడు నిమ్మలకుంట పేరుంది. పీడీఎఫ్ పెద్దాయన మనవడి ఫోన్‌కి పంపించాం. ఆయన జూమ్ చేసి చూసి, "చిల్లులు ఇంకా దగ్గర దగ్గరగా కొట్టాలమ్మా" అన్నారట. నెక్స్ట్ గేమ్‌లో సరిచేస్తాం.

మీ ఆర్టిస్ట్‌కి ఈ వీడియో షేర్ చేయండి. ముందు వాళ్లనడిగి, ఆ తర్వాత పని మొదలెట్టండి.