ఎర్ర ట్యాగు నల్లగా కనపడ్డ సాయంత్రం

మాకు మైకు కొత్త. సైటులో గొంతు చించుకుని అరవటమే అలవాటు. కళ్ళ గురించి చెప్పమన్నారు కమిటీవాళ్ళు. మేము డాక్టర్లం కాము, డిప్లొమా చదివి పని చేయించేవాళ్ళం. అందుకని మా సైటులో జరిగిన సంగతితోనే మొదలుపెడతాం.

రెండేళ్ళ కిందట, డిసెంబరు. ఒంటారియోలో ఆ నెలలో సాయంత్రం ఐదింటికే వెలుతురు పోతుంది కదా. మా జట్టులో ఒక తమ్ముడు ఎర్ర ట్యాగు కట్టిన పరంజా ఎక్కేశాడు. ఎరుపంటే ఎక్కొద్దని. కేకలేసి దింపాం, బాగా తిట్టాం కూడా. తర్వాత టీ దగ్గర మెల్లగా చెప్పాడు: "అన్నా, నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉంటాయి. చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడ్డా." ఆ తిట్లు ఇప్పటికీ మాకే గుచ్చుకుంటున్నాయి.

ఆ తర్వాత కాస్త చదివాం. కంటి వెనక రెటీనా అనే పొరలో రెండు రకాల కణాలుంటాయి. రంగు పట్టేవి శంకు కణాలు, ఒక్కో కంట్లో సుమారు 60 లక్షలు. అవి మూడు రకాలు. అందులో ఒక రకం లేకపోయినా, తేడాగా ఉన్నా మా తమ్ముడిలాగే అవుతుంది. ఇది తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోముతో వస్తుంది, మగవాళ్ళలోనే ఎక్కువ. రెండో రకం దండ కణాలు, సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో అవే దిక్కు. కానీ వాటికి రంగులు తెలియవు, ఎరుపైతే దాదాపు కనపడదు. అంటే చీకటి పడేకొద్దీ ఎవరికైనా ముందు నల్లబడేది ఎరుపే.

మరి ఆ సాయంత్రం మాకెలా ఎర్రగా కనపడింది? నిజం చెప్పాలంటే కనపడలేదు. పొద్దున దాన్ని కట్టింది మేమే, అందుకని తెలుసు. కన్ను పంపిన దాన్ని సర్దుకుని బొమ్మ కట్టేది తల వెనక భాగంలో ఉన్న మెదడు. ఈ సంగతి తవ్వి తీసినవాళ్ళలో ఒకాయన మన పక్కనే, విండ్సర్‌లో పుట్టిన డేవిడ్ హ్యూబెల్. మాంట్రియల్ మెక్‌గిల్‌లో చదివారు. ఆయనా, టోర్స్టెన్ వీజెల్ కలిసి పిల్లి మెదడు మీద పరీక్షలు చేస్తూ, గాజు స్లైడు అంచు నీడ కదిలినప్పుడు ఒక కణం టపటపా స్పందించటం గమనించారు. ఒక్కో కణం ఒక్కో వాలులో ఉన్న గీతకే పలుకుతుందట, మన మేస్త్రీ గోడకు గుండు పట్టి చూసినట్టు! 1981లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇంకో మాట. లైట్లున్న గదిలోంచి చీకట్లోకి వెళ్తే కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. వెంటనే నిచ్చెన ఎక్కకండి. మన మెరిసే జాకెట్ల రంగు పగటి వెలుగుతోనే మెరుస్తుంది. రాత్రి కాపాడేది వెండి పట్టీలే, అదీ బండి లైటు పడితేనే. వాటి మీద మంచు తుడుచుకోండి.

ఇప్పుడు మా సైటులో ఎర్ర ట్యాగుతో పాటు నిచ్చెనకు అడ్డంగా చెక్క కూడా కడుతున్నాం. ఆ తమ్ముడు మాతోనే ఉన్నాడు, రంగుల వైర్ల పని మాత్రం ఇవ్వటం లేదు. చుక్కల్లో అంకెలు కనిపెట్టే ఇషిహారా పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు, కళ్ళజోళ్ళ డాక్టరు దగ్గర అడగండి. నలుగురిలో చెప్పలేనివాళ్ళు భోజనాల దగ్గర మమ్మల్ని పక్కకు పిలవండి.