విరిగేది ఒకటి, చెడేది మరొకటి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మొన్న ఫోను చేసి, "మీ పాత కారు గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. డి.ఎ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకునే సభలో నా కారు గోల ఎందుకండీ అన్నాను. "అవన్నీ మేం చూసుకుంటాం, మీరు కాస్త నవ్వించండి" అన్నారు. నవ్వించగలనో లేదో గాని, నవ్వు రాని సంగతి కూడా అందులో ఒకటుంది. అది చెప్పుకోవడానికే ఒప్పుకున్నాను.

నేను ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి 2010లో రిటైరయ్యాను. 1986లో జి.పి.ఎఫ్. నుంచి కొంత తీసుకుని, సెకండ్ హ్యాండులో 1975 మోడల్ ప్రీమియర్ పద్మిని కొన్నాను. బొంబాయి కుర్లాలో ఫియట్ 1100గా తయారైన బండికే 1974లో పద్మిని అని పేరు పెట్టారు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు సోఫాలాగా ఒకటే. నేనూ, మా ఆవిడా, మధ్యలో అబ్బాయీ కూర్చుని మొజంజాహి మార్కెట్టుకు ఐస్‌క్రీముకు వెళ్లిన రోజులు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

పాత కారంటే అందరూ ఇంజను గురించే అడుగుతారు. ఇంజను నన్నెప్పుడూ ఏడిపించలేదు. తెలిసిన మెకానిక్కు ఉంటే అది నడుస్తుంది. ఏడిపించేవి లోపలి చిన్న చిన్న సామాన్లు. అద్దాలు తిప్పే హ్యాండిళ్లు, తలుపు తీసే మీటలు, డాష్‌బోర్డు డబ్బా మూత, ఎండకు అడ్డం దించుకునే పలక, పైకప్పు గుడ్డ, ఇండికేటరు పుల్ల. బయట సొట్ట పడితే కొట్టి సరిచేస్తారు. లోపల ప్లాస్టిక్కు ముక్క టక్కుమంటే అంతే. ఈ బండి తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీద పద్మిని టాక్సీలకు కూడా సెలవిచ్చేశారు. కొత్త సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. కారెక్కిన వాళ్లకు తలుపు నేనే తీయాలి, అద్దం నేనే దించాలి. చుట్టాలు ఎక్కితే దిగేదాకా నా చూపు రోడ్డు మీద కంటే వాళ్ల చేతుల మీదే ఉండేది. వెనక ఎడమవైపు హ్యాండిలు కాస్త పగిలినట్టు కనిపించగానే, ఇంకెవరైనా తిప్పుతారేమోనని దాన్ని ఊడదీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, డాష్‌బోర్డు డబ్బాలో దాచాను. ఆ డబ్బా మూత కొక్కెం అప్పటికే విరిగింది కనుక పురికొసతో కట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఇక నవ్వు రాని సంగతి.

2019 జనవరి 30వ తేదీ. మనవరాలికి నుమాయిష్ చూపిద్దామని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఈ మైదానానికి వచ్చిన ఆ నుమాయిష్ మనందరికీ పండగే. నెల రోజుల ముందు నుంచే పిల్ల రోజులు లెక్కపెట్టుకుంది. ఆరేళ్లది, చలికాలంలో కాస్త ఆయాసం ఉన్న పిల్ల. తిరిగి తిరిగి అలిసిపోతే నానమ్మా మనవరాలూ కారు వెనక సీట్లో కూర్చున్నారు. నేను మొక్కజొన్న కంకులు కొనడానికి నాలుగడుగులు వేశానో లేదో, లోపలి నుంచి జనం పరుగెత్తుకొస్తున్నారు. వెనకాల ఆకాశం ఎర్రగా ఉంది. ఆ రాత్రి లోపల దుకాణాలు కాలిపోయిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎవరి ప్రాణాలూ పోలేదు, అది దేవుడి దయ.

నేను పరుగున వచ్చి కారెక్కాను. సందు నిండా జనం, కార్లు. బండి కదలదు. పొగ మా వైపే తిరిగింది. వెనక ఎడమ అద్దం సగం దిగి ఉంది. దాన్ని ఎత్తాలంటే హ్యాండిలు లేదు. అది డబ్బాలో ఉంది. డబ్బాకు నేను వేసిన ముడులున్నాయి. చీకట్లో చేతులు వణుకుతుంటే ముడి విప్పుతున్నాను, అది ఇంకా బిగుస్తోంది. వెనక పిల్ల దగ్గుతోంది. "తాతయ్యా, అద్దం" అంటోంది. మా ఆవిడ సీసాలో నీళ్లతో పమిట చెంగు తడిపి పిల్ల మొహానికి అడ్డం పెట్టింది. ఐదు నిమిషాలో, పదో, నాకు తెలియదు. జనం పలచబడ్డాక నాంపల్లి స్టేషను వైపు బండి తిప్పగలిగాను. డాక్టరు దగ్గర మందు పీల్పించాక పిల్ల కుదుటపడింది.

మా ఆవిడ ఆ రాత్రి ఒక్క మాటా అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ అంది: "ఏమండీ, ఆ హ్యాండిలుకు చుట్టిన గుడ్డ మంచి మెత్తటిది. అదన్నా చేతికిస్తే పిల్ల మొహానికి అడ్డం పెట్టేదాన్ని." ముప్ఫై ఏళ్ల సర్వీసులో నాకు మెమోలు వచ్చాయి గాని, అలాంటి మెమో ఎన్నడూ రాలేదు.

ఆ వారమే నాంపల్లి సందులో సీట్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి బండి తీసుకెళ్లాను. వయసులో నాకంటే పెద్దవాడు. హ్యాండిలు పెట్టి చూపించబోతూ గట్టిగా తిప్పాను. "జోర్ నక్కో సాబ్" అని నా చెయ్యి పట్టుకుని ఆపాడు. బలం వద్దు అని. తలుపు లోపలి అట్ట ఊడదీసి చూపించాడు. అద్దం జారే గాడిలో ఉండే ఫెల్టు దుమ్ము పట్టి రాయిలా ఉంది. అద్దాన్ని ఎత్తే పళ్లచక్రం మీద గ్రీజు ఎండి నల్లటి బంక అయింది. ఆ బరువంతా హ్యాండిలు మీద పడుతోంది. అన్నిట్లోకీ బలహీనమైనది అదే కనుక అదే పగిలింది. తిప్పిన వాళ్ల తప్పూ కాదు, హ్యాండిలు తప్పూ కాదు.

ఫెల్టు మార్చి, చక్రం కడిగి కొత్త గ్రీజు పెట్టాడు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో వెతికి పాత హ్యాండిలు ఒకటి తెచ్చి బిగించాం. ఇప్పుడు మా మనవరాలు రెండు వేళ్లతో అద్దం ఎత్తుతుంది.

అప్పటి నుంచి ఏది విరిగినా దాని వెనక ఏముందో చూస్తున్నాను. తలుపు మీట విరిగితే తాళం లోపల చుక్క నూనె లేదని అర్థం. పైకప్పు గుడ్డ చిరిగితే వెనక అద్దం రబ్బరు దగ్గర నీళ్లు కారుతూ గుడ్డను కుళ్లబెట్టాయేమో చూడాలి. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనెపదార్థం ఎండ వేడికి ఏళ్ల తరబడి పోతూ వస్తుంది. అప్పుడది అప్పడంలా పెళుసెక్కుతుంది. కనుక బండి నీడన పెట్టండి, డాష్‌బోర్డు మీద ఓ దుప్పటి ముక్క పరవండి. పెట్రోలుతో, థిన్నరుతో తుడవకండి. సబ్బునీళ్లలో పిండిన గుడ్డ చాలు. నెలకొకసారి లోపల కూర్చుని నాలుగు తలుపులూ లోపలి నుంచి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. లోపలి నుంచి తెరుచుకోని తలుపు ప్రమాదం.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. దాంట్లో ఎవరూ కూర్చోరు, చూసి వస్తాం. అది దాని గౌరవం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండిన బండిని వింటేజిగా రిజిస్టరు చేయించుకోవచ్చు. అయితే దాన్ని రోజువారీ తిప్పకూడదు. మా పద్మినికీ 50 నిండాయి. చేయిద్దామా అని మా అబ్బాయి అడిగాడు. మా ఆవిడ వద్దంది. "మనమూ డెబ్బై దాటాం, మనల్నీ బీరువాలో పెడతారా" అంది. మామూలు రిజిస్ట్రేషనునే కొనసాగిస్తున్నాం.

మిత్రులారా, మన ఇళ్లలో కూడా ఎవరో ఒకరు ఊరికే విసుక్కుంటారు, అరుస్తారు. విరిగింది వాళ్లే అనుకుంటాం. బరువు ఎక్కణ్ణుంచి పడుతోందో ఒకసారి చూద్దాం. కారు మీద పెట్టిన చూపు నేను ఇంట్లో వాళ్ల మీద పెట్టడం కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. మూడో వరుసలో కూర్చున్న మా ఆవిడ తల ఊపుతోంది కనుక ఆ మాట నిజమేనని సభ వారు గ్రహించగలరు.

సభ అయ్యాక బండి బయటే ఉంటుంది. ఎవరైనా ఎక్కవచ్చు, అద్దం తామే దించుకోవచ్చు. నేను చూడను.